కళ్లల్లో కారం

ఆ ఏడు మిరపకోతలూ గుడిలో ఈస్టరు ముందరి నలభై రోజుల శ్రమకాలపు ప్రార్థన కూడికలూ ఒకేసారి మొదలయ్యాయి. ఎనభై ఆరో సంవత్సరం. ఊరికి ఎడంగా ఉండే మా పల్లె ఆడవాళ్లు పగలంతా కాయ కోసి, పొద్దుగూకే వేళకు మంటలెత్తే చేతులతోనే వచ్చి చాపల మీద కూర్చునేవాళ్లు. మా నాన్న ఇశ్రాయేలు ఆ గుడికి ఉపదేశి, ప్రార్థనలు నడిపేది ఆయనే. నేను సున్నపుమెట్ట సబ్‌సెంటర్లో నర్సుని. పేరు దయామణి అయినా ఊళ్లోనూ పల్లెలోనూ అందరికీ నర్సమ్మనే.

ఆ శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం వెళ్లి వారం తిరక్కుండానే మా పల్లె మంగమ్మ శవం పాడుబడ్డ క్వారీ గుంటలో దొరికింది.

మేకలవాళ్లు చూసి కేకలేశారు. డాక్టరు గురజాల నుంచి రావాలి. ఈలోపల ఆడమనిషి ఒకరుండాలని కానిస్టేబులొచ్చి నన్ను పిలుచుకెళ్లాడు. సున్నపురాయి తవ్విన గుంట అది. మిట్టమధ్యాహ్నం ఎండకి తెల్లగా మెరుస్తూ కళ్లు తెరవనిచ్చేది కాదు. మంగమ్మ అడుగున వెల్లకిలా పడుంది. తన చీర కొంగే మెడకు బిగించి ఉంది. ముఖమంతా ఎర్రగా ఉంటే రక్తమనుకున్నా. దగ్గరికి పోయి కూర్చుంటే రక్తం కాదు, కారం. రెండు కళ్లనిండా కారం.

కొత్తగా వచ్చిన ఎస్సై అమరేశ్వరరావు గట్టు మీద నిలబడి ఉన్నాడు. పాతికేళ్లు దాటి ఎంతో కాలేదు. ముఖంలో నవ్వన్నది లేదు.

"నువ్వేనా నర్సువి? మానభంగం జరిగిందా, అది చూసి చెప్పు."

"గుడ్డ చెదరలేదు సార్. డాక్టరుగారు చూస్తే తెలుస్తుంది. ఈ కారం మాత్రం కల్లంలో లేచే దుమ్ము కాదు. వెల్లుల్లి వాసనొస్తుంది. ఎవరి ఇంట్లోనో దంచుకున్న కూరకారం."

"వంటల సంగతి నిన్నడగలా."

పక్కనే గొడుగేసుకుని నిలబడ్డ నాగభూషణరావుగారు నవ్వాడు. ఊళ్లో సగం మిరపచేలు ఆయనవే. "పల్లెలో తగాదాలు సార్ ఇవి. వాళ్లలో వాళ్లు పొడుచుకుంటారు, చంపుకుంటారు. మనం తలదూర్చకపోవటమే మంచిది" అన్నాడు.

మంగమ్మ రెప్పలు మూయాలని చూశాను. మూతపడలేదు. నా చేతిరుమాలు ఆమె ముఖం మీద కప్పి గట్టెక్కాను. ఎవరూ చెయ్యందించలేదు.

* * *

రెండో చావు పల్లెలో కాదు, ఊళ్లో. పుల్లమ్మ మోతుబరి ఇంటి కోడలు. చేలో మొగుడికి అన్నం క్యారేజీ తీసుకుపోతూ దారిలో మాయమైంది. ఆ క్వారీ గుంటలకు అవతల దొరికింది. కొంగు మెడకి, కారం కళ్లకి.

అంతవరకు పల్లె తగాదా అన్న ఊరు ఒక్కరోజులో మా మీదికి తిరిగింది. మా పల్లె మగవాళ్లను చేలల్లోకి రానివ్వలేదు. బస్సు దిగిన ఇద్దరు కుర్రాళ్లను ఊరి మధ్య నిలబెట్టి చొక్కాలు విప్పించి కొట్టారు. టీకాలెయ్యటానికి నేను ఎప్పుడూ పోయే ఇళ్లల్లో కూడా "ఇప్పుడు వద్దులే నర్సమ్మా" అని తలుపేశారు. ఒక ముసలామె మాత్రం తలుపు తీసి నా కాళ్ల దగ్గర ఉమ్మేసింది.

"మీ మగాళ్లు మా ఆడపిల్లల్ని తింటన్నారు. నువ్వు సూదులు పట్టుకు తిరుగుతున్నావా?"

ఆ రోజుల్లో పల్లెకి ధైర్యం ఇచ్చింది ఎవరయ్యా అంటే మా బావ, ఏసుపాదం. మా అక్క సుగుణ మొగుడు. నాగభూషణరావుగారి ట్రాక్టరు డ్రైవరు గనక ఆయన్నొక్కణ్ణీ చేలల్లో ఎవరూ ఆపలేదు. కోతకు పోయే ఆడవాళ్లందర్నీ ట్రక్కులో ఎక్కించుకుని తనే తీసుకుపోయి తనే తీసుకొచ్చేవాడు. పక్కన కర్ర పెట్టుకునేవాడు. గుడిలో మద్దెల వాయించేది ఆయనే, పాట ఎత్తుకునేది ఆయనే. నన్ను నర్సు ట్రైనింగులో చేర్చటానికి గుంటూరు తీసుకుపోయి, సీటొచ్చిందాకా ఆ ఆఫీసు మెట్లు వదలని మనిషి. అమ్మ పోయాక ఇల్లరికం వచ్చినట్టు మా ఇంట్లోనే ఉంటున్నారు వాళ్లు, ఇద్దరు ఆడపిల్లలతో.

"ఒంటరిగా తిరగమాకు దయా. సబ్‌సెంటర్ కాడికి నేనొచ్చి తీసుకొస్తా" అనేవాడు. చాలాసార్లు వచ్చాడు కూడా.

పోలీసులు లింగయ్య అనే రాళ్లు కొట్టే అతన్ని పట్టుకుపోయారు. కృష్ణ అవతలి నుంచి వచ్చినవాడు. క్వారీ పక్కనే గుడిసె. అడగటానికి ముందూ వెనకా ఎవరూ లేరు. అదే అతను చేసిన నేరం. అతని కాళ్లకు కట్టు కట్టమని నన్ను స్టేషన్‌కి పిలిపించారు. అరికాళ్లు పగిలి ఉన్నాయి.

"నేనేం జెయ్యలే అమ్మా. గా పిల్లల్ని జూడను గూడ జూడలే" అంటున్నాడు, దూది తాకినప్పుడల్లా వణికిపోతూ.

కట్టు కట్టి బయటికొచ్చాను. వరండాలో ఎస్సై ఉన్నాడు.

"కొట్టింది మీరేనా?" అని అడిగాను. అడిగాక భయమేసింది.

"కొట్టించింది పైవాళ్లు. చూస్తూ నిలబడింది నేను" అన్నాడు.

"ఇతను కాదని మీకు తెలుసు."

"తెలుసు. నువ్వు ఆ రోజు చెప్పిన మాట బుర్రలోంచి పోవట్లేదు. ఇతని గుడిసెలో ఉప్పూ పచ్చిమిరపకాయలూ తప్ప ఏమీ లేవు. కూరకారం దంచిపెట్టే ఆడదిక్కు లేదు."

లింగయ్య లాకప్పులో ఉండగానే మూడోది జరిగింది.

ఈసారి దీవెన. మా పల్లె పిచ్చమ్మకి ఒక్కతే కూతురు. గుడిలో నా పక్కనే కూర్చుని పాడేది. వేసవిలో పెళ్లి పెట్టుకున్నారు. కోత చేలో దప్పికై నీళ్లకని కాలువ దాకా పోయింది, తిరిగి రాలేదు. స్నానం చేయించింది నేనే. కళ్లు ఎన్ని బిందెల నీళ్లతో కడిగినా ఎరుపు పోలేదు. పిచ్చమ్మ ఏడవలేదు. కూతురి జడ ఒళ్లో పెట్టుకుని, వచ్చిన ప్రతి మగవాడి ముఖంలోకీ చూస్తూ కూర్చుంది. గొయ్యి తవ్వింది మా బావే. మద్దెల వాయించకుండా వట్టి గొంతుతో పాట ఎత్తుకుంటే పల్లెంతా గొల్లుమంది.

* * *

ఆ మర్నాడు అమరేశ్వరరావు మా ఇంటికొచ్చాడు. లింగయ్యను వదిలేశామని చెప్పాడు. అరుగు మీద కూర్చుని నాన్నతో, "అయ్యా, ఆడవాళ్లెవరూ నాతో మాట్లాడరు. యూనిఫాం చూస్తే తలుపులేసుకుంటారు. చచ్చిపోయినవాళ్లు ముగ్గురు. తప్పించుకున్నవాళ్లు ఒకరన్నా ఉండి తీరాలి. మీ అమ్మాయి అడిగితే చెబుతారు" అన్నాడు.

నాన్న నావైపు చూశాడు. "నేను రోజూ మోకాళ్లేసి, వాణ్ణి చూపించు ప్రభువా అని అడుగుతున్నా. అడిగినవాళ్లం ఇంట్లో కూర్చుంటే ఎట్లా? పో అమ్మాయ్."

అక్క చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఎస్సైది ఏ కులమో ఊరందరికీ తెలుసు, మా చేతి నీళ్లు తాగే కులం కాదు. ఆయన లేచి వచ్చి చెంబు అందుకుని ఎత్తి తాగాడు. అక్క మొహంలో ఆశ్చర్యం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

తర్వాత రోజుల్లో నేను గర్భిణీల పేరు చెప్పి ఇల్లిల్లూ తిరిగాను. ఆయన మఫ్తీలో, సైకిలు మీద, దూరంగా. ఎవరూ ఏమీ చెప్పేవాళ్లు కాదు. ఊళ్లో మాత్రం అప్పుడే మొదలెట్టారు. పల్లె నర్సు ఎస్సైని మరిగిందని ఒకళ్లు, ఎస్సైకి అన్నం పల్లెలోనే అని ఇంకొకళ్లు. ఆయనకు నరసరావుపేట నుంచి వాళ్ల నాన్న కబురు పంపాడు, పరువు తీయమాకని.

ఒకరోజు కాలువ గట్టు మీద తుమ్మచెట్టు నీడన ఇద్దరం కూర్చున్నప్పుడు, అన్నం మూట విప్పి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. తెరిచేసరికి ఆయన ఇంకా తినకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"తినండి. మీరెందుకు ఆగటం?"

"నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో తింటే ఏం బాగుంటుంది?"

నవ్వొచ్చింది. ఆ సీజన్లో నేను నవ్వింది అప్పుడే అనుకుంటాను. గోంగూర పచ్చడి ఆయన ఆకులో వేశాను. వేశాక గాని నా చేత్తో వేశానన్న సంగతి తట్టలేదు. ఆయన కలుపుకుని తింటూ, "నాకోసం కూడా ఏమన్నా అడిగావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"ఎప్పుడన్నా వీలైతే అడుగు. నాకు అడగటం అలవాటు లేదు."

కాలువలో నీళ్లు తక్కువ. ఇద్దరం వాటివైపే చూస్తూ తిన్నాం.

చివరికి నోరు విప్పింది హజ్రా బీ. ఊరి చివర మిషను కుట్టుకునే ఆమె. ఆమె పెళ్లీడు కూతురు మైమూనాకి జ్వరమొస్తే సూది వేసిన రోజుల నుంచీ నన్నెరుగును. తలుపు గడియ పెట్టి, మిషను చక్రం మీద చెయ్యి ఆనించి చెప్పింది.

"పోయినేడు కోతలప్పుడు, దయమ్మా. గుంటల దారిలో. వెనకనుంచి వచ్చి కళ్లల్లో కొట్టాడు. ఏమీ కనపడలా. కొంగు మెడకేశాడు. ఇంతలో లారీ హారను మోగింది, వదిలేసి పోయాడు. మా ఆయనకు కూడా చెప్పలా. చెబితే నన్నే ఇంట్లోంచి పంపుతాడు."

"ఏమన్నా గుర్తుందా అత్తా? గొంతు?"

"మాట్లాడలా. పాడతన్నాడు, మెల్లగా, ముక్కుతో. నా మెడ బిగిస్తా పాడతన్నాడు." చక్రం మీది చెయ్యి బిగించింది. "నీకు చెప్పాలంటే నోరు రావట్లా. అది మీ గుళ్లో పాట. ఆదివారం మైకులో ఎన్నిసార్లు వినలా? మీ పాటే."

బయట సైకిలు పట్టుకుని అమరేశ్వరరావు నిలబడి ఉన్నాడు. చెప్పకుండా ఉంటే ఏమవుతుందో దీవెన కళ్లు కడిగిన చేతులకి తెలుసు. చెప్పాను.

"మీ గుడికి వచ్చే మగవాళ్లా?" అన్నాడు.

"మా గుడికి వచ్చే మగవాళ్లే."

ఆ సాయంత్రం కూడికలో నేను పాడలేకపోయాను. మగవాళ్ల వరసను చివరి నుంచి చివరిదాకా చూశాను. సంఘపెద్ద అబ్రహాం తాత. ఆయన కొడుకులు. క్వారీలో పనిచేసేవాళ్లు. ఎవరి చేతులు చూసినా దీవెన మెడే గుర్తొచ్చింది. మద్దెల దగ్గర కూర్చున్న మనిషి వైపు చూపు వెళ్లలేదు. ఆయన మా ఇంటి మనిషి.

ఎస్సై మర్నాటి నుంచి మా మగవాళ్లను ఒక్కొక్కర్నీ పిలిపించి అడగటం మొదలెట్టాడు. సంగతి ఎవరి వల్ల బయటపడిందో పల్లెకి తెలిసిపోయింది. ఊరు నన్ను ముందే వెలేసింది, ఇప్పుడు పల్లె కూడా. బోరింగు దగ్గర నేను పోతే ఆడవాళ్లు బిందెలెత్తుకుని వెళ్లిపోయారు. అబ్రహాం తాత మా గుమ్మంలోకి వచ్చి నాన్నతో అన్నాడు: "మన రొట్టె తిని మనల్నే పట్టిస్తంది నీ కూతురు. దాన్ని గుళ్లో పాడనీయమాక."

బావ మాత్రం నా తల మీద చెయ్యి వేసి, "పోనీలే తాతా, చిన్నపిల్ల" అన్నాడు.

* * *

ఈస్టరుకు ముందరి మట్టల ఆదివారం పొద్దున ఈతమట్టలు పట్టుకుని ఊరేగింపు తీశాం. ముందు బావ పాడుతూ నడిచాడు. భోజనాలయ్యాక, బస్తాలెత్తించాలి రమ్మన్నారని నాగభూషణరావుగారి కల్లానికి వెళ్లాడు. ఆ రోజు గాలి చెడ్డగా ఉంది. ఒకసారి పడమర నుంచి కొడుతుంది, ఉన్నట్టుండి తిరుగుతుంది. సున్నపు దుమ్ము ఇళ్లల్లోకి వచ్చి పడుతుంది.

మధ్యాహ్నం బావ గోడలు పట్టుకుంటూ వచ్చాడు. కళ్లు రెండూ ఉబ్బి మూసుకుపోయాయి. నీళ్లు కారిపోతున్నాయి.

"బస్తా పగిలి మీద పడిందే. దయా, చూడు, చచ్చిపోతన్నా" అంటూ నులకమంచం మీద కూలబడ్డాడు.

కోతల కాలంలో ఇది మాకు మామూలే. అక్క బిందెతో నీళ్లు తెచ్చింది. నేను ఆయన తల వెనక్కి వంచి, రెప్పలు విప్పి, ధారగా పోస్తూ కడిగాను. మెత్తటి గుడ్డతో కనుబొమ్మలు తుడిచాను. చొక్కా కాలరు తుడిచాను. గుడ్డ పిండబోతూ ముక్కుకు దగ్గరగా వచ్చింది.

వెల్లుల్లి వాసన.

కల్లంలో వెల్లుల్లి ఎక్కడిది?

అప్పుడే నాన్న వాకిట్లోకి వచ్చాడు. ఎండలోంచి వచ్చినవాడు, పంచలో ఎవరున్నారో ఆయనకు కనపడలేదు. ఊళ్లోంచి పరిగెత్తినట్టే వచ్చాడు. ముఖం నిండా సంతోషం.

"సుగుణా! దయా! విన్నారా? పుల్లలకు పోయిన మైమూనా మీద వాడు పడ్డాడంట, గుంటల కాడ. దేవుడు గాలిని తిప్పాడమ్మా! కొట్టిన కారం కొట్టినవాడి కళ్లల్లోనే పడిందంట. పిల్ల బతికి బయటపడింది. ఎస్సైగారు అక్కడే..."

అంటూ నీడలోకి అడుగుపెట్టాడు. మంచం చూశాడు. బిందె చూశాడు. మాట అక్కడే ఆగిపోయింది.

చిన్నది మంచంకోడు పట్టుకుని వాళ్ల నాన్న ముఖంలోకి చూస్తోంది. అక్క నా చేతిలో గుడ్డ వంక చూసింది. ఆ కారం దంచింది అక్కే. ఆ వాసన నాకంటే ఆమెకే బాగా తెలుసు.

నేను లేచి నిలబడ్డాను. "నీళ్లతో తగ్గదు బావా. సబ్‌సెంటర్లో చుక్కల మందుంది. తెస్తా."

"తొందరగా రా" అన్నాడు. "మండిపోతంది."

గుమ్మం దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్లను నాన్నే వచ్చి ఒక్కొక్కటిగా విడిపించాడు.

గుంటల దగ్గర జనం మూగి ఉన్నారు. మైమూనా తల్లి ఒళ్లో పడి వెక్కుతోంది. అమరేశ్వరరావు నన్ను చూసి ఎదురొచ్చాడు.

"మా ఇంట్లో ఉన్నాడు" అన్నాను. "మా బావ."

ఆయన వెంటనే కానిస్టేబుళ్లను పిలవబోయాడు. నేను ఆపాను. "మందు తెస్తానని చెప్పి వచ్చా. తాళం తీసి తీసుకునే పోవాలి."

నా ముఖంలోకి చూశాడు. సరేనన్నాడు. ఆ గుంపును అక్కడే ఉండమని గట్టిగా కేకేసి, ఇద్దరు కానిస్టేబుళ్లను మాత్రం వెంటబెట్టుకుని నాతో సబ్‌సెంటర్‌కి, అక్కడి నుంచి ఇంటికి నడిచాడు.

అక్క మంచం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. "కాదని చెప్పు. ఒక్కసారి కాదని చెప్పు" అంటోంది. ఎంతసేపటి నుంచి అంటుందో, గొంతు పోయింది. నాన్న పిల్లలిద్దర్నీ తీసుకుని ఇంటి వెనక్కి పోయాడు. బావ తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని పడుకుని ఉన్నాడు. పారిపోయే ప్రయత్నం చేసినట్టు లేదు.

"దయా? బూట్ల చప్పుడు వినిపిస్తంది" అన్నాడు.

"అవును బావా. తల ఎత్తు."

ఎత్తాడు. చుక్కలు వేశాను. ఒక కన్ను, ఇంకో కన్ను.

"చల్లగా ఉంది" అన్నాడు.

అప్పుడు అమరేశ్వరరావు ముందుకొచ్చి ఆయన చేతులు వెనక్కి కట్టాడు. అక్క నావైపు తిరిగి, "మందు అన్నావు కదే" అంది.

* * *

పొద్దు వాలేలోపే ఊరు మా పల్లె మీదికి వచ్చింది. గడ్డివాములు తగలబెట్టారు. గుడి కిటికీలు పగలగొట్టి మద్దెల వీధిలోకి ఈడ్చి తొక్కారు. అమరేశ్వరరావు తుపాకీ పట్టుకుని వీధి మొగలో నిలబడ్డాడు. నాగభూషణరావుగారు ఆయన ఎదురుగా వచ్చి, "మనవాడివై ఉండి వీళ్లకు కాపలానా?" అని అరిచాడు. "మీ ట్రాక్టరు డ్రైవరే సార్. తమరూ స్టేషన్‌కి రావాల్సి ఉంటుంది" అన్నాడు ఈయన. జనం తిట్టుకుంటూ వెనక్కి తగ్గారు. వారం తిరిగేలోపల ఆయనకు నూజెండ్ల బదిలీ వచ్చింది.

ఈస్టరు తెల్లవారుజామున ఎప్పటిలాగే సమాధుల తోటకు వెళ్లాం. నాన్న ప్రార్థన చేయటానికి వీల్లేదని కొందరు, చేయనివ్వండని కొందరు తోవంతా తగువులాడుతూనే ఉన్నారు. దీవెన మట్టి మీద పిచ్చమ్మ పూలు సర్దుతోంది. అప్పుడు మా అక్క వచ్చింది, పిల్లలిద్దర్నీ చెరో చెయ్యి పట్టుకుని.

పిచ్చమ్మ లేచి కంచె దగ్గరికి పోయి అడ్డం నిలబడింది. "నా బిడ్డ మీద మన్నేసింది నీ మొగుడే. ఈ మట్టి మీద నీ అడుగు పడితే నేనూరుకోను."

జనం ఎవరూ పిచ్చమ్మను కాదనలేదు. నేనూ కాదనలేకపోయాను. అక్క కదలకుండా అక్కడే నిలబడింది.

నాన్న చేతిలో కొవ్వొత్తి ఆర్పి, దీవెన సమాధి మీద పెట్టాడు. కంచె దాటి బయటికి వెళ్లి అక్క పక్కన నిలబడ్డాడు. అక్కణ్నుంచే ప్రార్థన ఎత్తుకున్నాడు. మంగమ్మ పేరు చెప్పాడు. పుల్లమ్మ పేరు చెప్పాడు. దీవెన పేరు రెండుసార్లు చెప్పాడు. మనవరాళ్ల పేర్లు చెప్పాడు. చివర్న ఏసుపాదం పేరు చెప్పి, వీడి మీద కూడా నీ చూపు ఉంచమని అడిగాడు. ఆ ప్రార్థనకి లోపలా బయటా ఎవరూ ఆమేన్ అనలేదు.

నేను అటు నడవబోతే అక్క చెయ్యెత్తింది. "నువ్వు రావద్దు. అక్కడే ఉండు." పిచ్చమ్మ నా పక్కకొచ్చి భుజం పట్టుకుంది. అక్క అది చూసి మొహం తిప్పుకుంది.

నాన్నను ఉపదేశి పని నుంచి తీసేశారు. ఆ మరుసటేడు బావకి యావజ్జీవం పడింది. కోర్టులో ఎందుకు చేశావని అడిగితే ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

అమరేశ్వరరావు నూజెండ్ల వెళ్లేముందు సబ్‌సెంటర్‌కి వచ్చాడు. రోగులెవరూ లేరు. ఆ రోజుల్లో నా దగ్గరికి ఎవరూ రావటం లేదు.

"ఇక్కడ నిన్ను బతకనివ్వరు" అన్నాడు. "అందుకని రమ్మనటం లేదు. కాలువ గట్టు మీద నువ్వు పచ్చడి వేసిన రోజే అడుగుదామనుకున్నా. మా నాన్న గడప తొక్కొద్దన్నాడు. అది నేను చూసుకుంటా. నీ సంగతి చెప్పు."

"నేను గుడి మాననండీ."

"మానమంటానా?"

"మా అక్క పిల్లల్ని చదివించాలి. అక్క నా చేతిది తీసుకోదు. మీ చేతిది తీసుకోదు. అయినా చదివించాలి."

"చదివిద్దాం" అన్నాడు. అంతే. టేబులు మీద ఉన్న నా చేతి పక్కన తన చెయ్యి పెట్టాడు, తాకకుండా. నేనే నా చెయ్యి ఆయన చేతి మీద పెట్టాను.

వేసవిలో నరసరావుపేట రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లయింది. మా నాన్నా, హజ్రా బీ, ఆఫీసు ముందు అర్జీలు రాసే ఒకాయనా సాక్షి సంతకాలు పెట్టారు. ఆయన తరఫున ఎవరూ రాలేదు.

కాపురానికి బయల్దేరిన రోజు రోడ్డు మీద పెట్టె దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన బస్సు సంగతి కనుక్కురావటానికి వెళ్లాడు. పల్లె వైపు నుంచి అక్క వస్తూ కనిపించింది. ఈస్టరు నాటి నుంచీ నాతో మాట్లాడలేదు. తిట్టటానికి వస్తోందనుకున్నా. కొట్టినా పడదామనుకున్నా.

దగ్గరికొచ్చి నిలబడింది. మనిషి సగమైపోయింది. మెడ మీద కొంగు సర్దుకుంటూ, నా కళ్లల్లోకి సూటిగా చూసింది.

"ఒక్కటి చెప్పవే. నువ్వు చదువుకున్నదానివి. ఇన్నేళ్లు వాడి పక్కనే పడుకున్నా. వాడి ముందు ఒంటరిగా ఎన్ని మధ్యాహ్నాలు ఉన్నాను. నన్నెందుకు చంపలేదే?"

చెయ్యి చాపాను. ఆమె అందుకోలేదు.

"నీకూ తెలియదు" అంది. దూరంగా దుమ్ము లేచింది. "బస్సొస్తంది, పెట్టె పట్టుకో" అని, తానే వంగి ఒక పక్క పిడి పట్టుకుని ఎత్తింది.

బస్సు ఆగిందాక ఇద్దరం ఆ పెట్టెను చెరో పక్కా పట్టుకుని నిలబడ్డాం.